సీతాఫలం గుజ్జు యూనిట్: సెక్షన్ 8 కంపెనీయా, మ్యాక్స్ సంఘమా, ప్రొడ్యూసర్ కంపెనీయా?

బాలానగర్ గుట్ట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ మండలం. ఇక్కడ 42 మంది ఆడవాళ్లు సీతాఫలం తెంపి, గుజ్జు తీసే పని చేస్తున్నరు. అందరూ డ్వాక్రా సంఘాలల్ల ఉన్నోళ్లే. సగం మందికి సొంత భూమి లేదు, గుట్టల మీద, పొలం గట్ల మీద కాయ ఏరుకొస్తరు. పండు మెత్తబడితే ఒక్క రోజు కూడా ఆగదు కాబట్టి ఇన్నేండ్లు బేరగాడు చెప్పిన రేటుకే గంపలు ఇచ్చేసిన్రు. ఇప్పుడు గింజ తీసి, గుజ్జును కిలో సంచులల్ల కట్టి, డీప్ ఫ్రీజర్‌ల పెట్టి హైదరాబాద్ ఐస్‌క్రీం వాళ్లకు అమ్ముతున్నం. సీజన్ కానప్పుడు చింతపండు పని పెట్టాలని ఉంది.

రిజిస్ట్రేషన్ ఏదీ లేదు. బిల్లులు నా పేరు మీదనే, డబ్బులు నా ఖాతాలనే పడుతున్నయి. పోయిన సీజన్ అమ్మకం రూ.14 లక్షలు. ఇట్ల నడిపితే మంచిది కాదని తెలుసు.

ముగ్గురు మూడు తీర్ల చెప్తున్నరు. ఒక పెద్ద కంపెనీల సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజ సేవకు పెట్టే ఖర్చు) చూసే ఆఫీసర్ "సెక్షన్ 8 పెట్టుకోండి, పల్పర్ (గుజ్జు తీసే యంత్రం), బ్లాస్ట్ ఫ్రీజర్ (జల్దీ గడ్డకట్టించేది) మేం ఇప్పిస్తం" అన్నరు. మండల ఏపీఎం (డ్వాక్రా సంఘాలను చూసే అధికారి) సారు "సమాఖ్య కిందనే నడపండి, వేరే ఎందుకు" అంటున్నరు. ఇంకొకాయన ప్రైవేట్ లిమిటెడ్ అయితే రూ.20 లక్షలు పెట్టి వాటా తీసుకుంటనంటున్నడు. లాభం ఆడవాళ్లకే పోవాలన్నది మా మాట. ఏది పెట్టాలె?

పద్దు పుస్తకం (మహబూబ్‌నగర్)

ఏ చట్టం కింద అన్నది ఆఖరి ప్రశ్న. ముందు తేలాల్సింది రెండు సంగతులు: సీజన్ చివర మిగిలిన డబ్బు ఎవరిది, యంత్రాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. మొదటిదానికి మీరే జవాబు రాశారు, ఆడవాళ్లదని. ఆ మాట మీద నిలబడేటట్టయితే సెక్షన్ 8 మీకు పనికిరాదు.

ఎందుకంటే, 2013 కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద పెట్టిన కంపెనీ లాభం సంపాదించొచ్చు, సభ్యులకు పంచకూడదు. ఒక్క రూపాయి డివిడెండ్ కుదరదు. రేపు మూసేస్తే మిగిలిన ఆస్తి అలాంటి మరో సెక్షన్ 8 కంపెనీకి పోతుంది, లేదా అమ్మి ఆ డబ్బును దివాలా నిధిలో కడతారు. ఆడవాళ్లకు కాయ ధర, పని చేసినందుకు కూలి ఇవ్వొచ్చు. అంతకు మించి ఆ ఫ్రీజర్ మీద, ఆ పేరు మీద వాళ్లకు హక్కు ఉండదు.

సెక్షన్ 8 అంటే పన్ను ఉండదనుకునేవాళ్లు చాలామంది. అది వేరే సంగతి. ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఏ రిజిస్ట్రేషన్ (ధర్మసంస్థగా పన్ను మినహాయింపు) విడిగా తెచ్చుకోవాలి (2025 ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, వాడుకలో పాత పేరే నడుస్తోంది). అది వచ్చాక కూడా ఒక గోడ ఉంది. మీ పనిని అధికారి "సాధారణ ప్రజా ప్రయోజనం" అనే ఖాతాలో వేస్తే, అమ్మకం లాంటి వ్యాపార రాబడి ఆ ఏడాది మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. మీ లెక్కే తీసుకోండి. అమ్మకం 14 లక్షలు 20 శాతంలోపు ఉండాలంటే మొత్తం రాబడి 70 లక్షలు కావాలి. అంటే విరాళాలు, గ్రాంట్లు 56 లక్షలు రావాలి. అమ్మకం పెరిగినకొద్దీ విరాళం నాలుగింతలు పెరగాలన్నమాట. సొంత కాళ్ల మీద నిలబడాలనుకునే యూనిట్‌కు ఇది పూర్తిగా తలకిందుల లెక్క. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ పరిమితిని గట్టిగా ఖాయం చేసింది. "మాది పేదల సహాయం" అని వాదించే దారి ఉంది, అప్పుడు 20 శాతం గీత వర్తించదు. కానీ వ్యాపారం ఆ సహాయానికి అనుబంధంగానే ఉందని చూపాలి, దాని పద్దులు విడిగా రాయాలి. 14 లక్షల యూనిట్ ఆ వాదన మీద ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక సీఎస్‌ఆర్. ఆ ఆఫీసర్‌ను ఒక్క మాట అడగండి: మీరు కొత్తగా పెట్టే సెక్షన్ 8కు ఆయన డబ్బు ఎప్పుడు ఇవ్వగలరు? బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకు అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, 12ఏ, 80జీ (విరాళమిచ్చినవాళ్లకు పన్ను రాయితీ) ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. ఈ నెల పెట్టిన కంపెనీకి మూడేళ్ల అనుభవం ఎక్కడిది? ఈ వరుస చూడకుండా సెక్షన్ 8 పెట్టి, పల్పర్ రాక, లాభం పంచుకోలేక ఇరుక్కునేవాళ్లు ఉన్నారు.

దీనికి మంచి దారి నియమాల్లోనే ఉంది. 2021 జనవరిలో సవరించిన సీఎస్‌ఆర్ నియమాల్లో 7(4) చూడండి. సీఎస్‌ఆర్ డబ్బుతో కొన్న యంత్రం, కట్టిన షెడ్డు ఎవరి పేరు మీద ఉండొచ్చో అందులో ఉంది: సీఎస్‌ఆర్ నంబరున్న ధర్మసంస్థ, ప్రభుత్వ సంస్థ, లేదా ఆ ప్రాజెక్టు లబ్ధిదారులే స్వయం సహాయక సంఘంగానో సమష్టి సంస్థగానో ఏర్పడి ఉంటే వాళ్లు. కాబట్టి ఖర్చును ఆ కంపెనీ నేరుగానైనా పెట్టొచ్చు, ఇప్పటికే అర్హత ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారానైనా పెట్టొచ్చు. బ్లాస్ట్ ఫ్రీజర్ మాత్రం మీ ఆడవాళ్ల సంఘం ఆస్తిగా రాయించుకోవచ్చు. ఒప్పందంలో "ఆస్తి యాజమాన్యం లబ్ధిదారుల సంస్థది" అన్న వాక్యం, యంత్రం సీరియల్ నంబరుతో సహా పడాలి. ఆ వాక్యం లేకపోతే ప్రాజెక్టు ముగిసిన రోజు ఫ్రీజర్ ఎవరిదన్న పంచాయితీ మొదలవుతుంది.

సొసైటీ, ట్రస్టు గురించి రెండు ముక్కలు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర తేలిగ్గా అవుతుంది. కానీ అక్కడా లాభం పంచుకోవడం లేదు, 20 శాతం గీత అక్కడా ఉంది. ధర్మ ట్రస్టు అయితే 1987 దేవాదాయ చట్టం పరిధి కూడా చూసుకోవాలి, అది గుళ్లకే కాదు, ప్రజా ధర్మసంస్థలకూ వర్తిస్తుంది. మీ పనికి రెండూ సరిపోవు.

సహకార బాట (నాగర్‌కర్నూల్)

పైన సారు చెప్పినదాంతో ఒప్పుకుంట. ఇగ మిగిలినయి మూడు: సమాఖ్య కిందనే నడుపుడు, మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార) సంఘం, ప్రొడ్యూసర్ కంపెనీ (ఉత్పత్తిదారులే వాటాదారులైన కంపెనీ).

ఏపీఎం సారు మాట తీసిపారేసేది కాదు. మండల సమాఖ్య 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరై ఉంటది, ఆడిట్ అయితది, బ్యాంకుకు తెలిసిన పేరు. కొత్త ఖర్చు లేదు. కానీ సమాఖ్యల మీ 42 మందే కాదు, మండలం మొత్తం సంఘాలు ఉంటయి. మిగులు సమాఖ్యది అయితది. కాయ తేనోళ్లు కూడా గుజ్జు రేటు మీద ఓటేస్తరు. పదాధికారులు మారినప్పుడల్ల మీ యూనిట్ గతి మారుతది. ఒక సీజన్ ఇబ్బంది గడవడానికి బాగనే ఉంటది, ఇల్లు కట్టుకునే జాగ మాత్రం కాదు.

మ్యాక్స్ సంగతి. వేరువేరు కుటుంబాలకు చెందిన 10 మంది ఉంటే చాలు. ఇక్కడనే ఒక చిక్కు వస్తది. మీ దగ్గర ఒకే ఇంట్ల అత్త, కోడలు ఇద్దరూ పనికి వస్తుంటరు. మొదటి పది సంతకాలల్ల వాళ్లిద్దరినీ పెడితే ఒక కుటుంబం కిందనే లెక్క, దరఖాస్తు వాపస్ వస్తది. పదికి బదులు 14-15 ఇండ్ల నుంచి సంతకాలు తీసుకోండి, ఒకరిద్దరివి కొట్టేసినా నిలుస్తది. జిల్లా సహకార శాఖ ఆఫీసుల బైలాస్ (సంఘం నియమావళి) తోని దరఖాస్తు ఇయ్యాలె. సర్కారు వాటాధనం ఇందుల ఉండదు, అందుకే 1964 సహకార చట్టం కింద ఉన్న సంఘాల మీద ఉన్నంత పెత్తనం కూడా ఉండదు. దానికి బదులు ఎన్నికలు, మహాసభ, ఆడిట్ మీరే టైముకు చేసుకోవాలె. చెయ్యకపోతే డైరెక్టర్ల అర్హత పోతది.

నష్టం సంగతి బైలాస్ రాసే ముందే ఆడవాళ్లకు విప్పి చెప్పాలె. మ్యాక్స్‌ల లోటు వస్తే దాన్ని ఏండ్ల తరబడి పద్దుల మోసుకుంట పోవుడు ఉండదు. లోటు భర్తీ నిధి నుంచి తీయాలె, లేకుంటే సభ్యులు వాడుకున్న లెక్కన పంచుకోవాలె. ఒక రాత్రి కరెంటు పోయి ఫ్రీజర్ల సరుకు నల్లబడ్డదనుకోండి, ఆ నష్టంల ఎవరి వంతు ఎంతన్నది బైలాస్‌ల ఉండాలె. మొదటి ఏడాది నుంచే మిగులుల కొంత ఆ నిధికి పక్కన పెట్టండి.

మ్యాక్స్‌కు పన్ను ఉండదని కూడా అనుకోకండి. సహకార సంఘాలకు 80పీ మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది పని పనికి వేరు. సభ్యులు "పండించిన" పంట అమ్మితే ఒక రకం, గుట్ట మీద ఏరిన కాయ దాంట్లకు రాదు. కరెంటు వాడకుండ చేసే ప్రాసెసింగ్‌కు ఒకటి ఉంది, మీ ఫ్రీజర్, పల్పర్ కరెంటు మీద నడిచేవి. మీకు మిగిలేది కుటీర పరిశ్రమ అన్న దారి. సభ్యులే పని చేస్తున్నరని మస్టర్‌ల చూపాలె, బయటి కూలీలను పెడితే ఆ దారి కూడా మూసుకపోతది. రిటర్ను గడువు లోపల వెయ్యకపోతే మినహాయింపు ముచ్చటే లేదు.

ప్రొడ్యూసర్ కంపెనీ 2003 నుంచి ఉంది, 2020 సవరణతోని ఇప్పుడున్న కంపెనీల చట్టంలకు వచ్చింది. 10 మంది ఉత్పత్తిదారులు, కనీసం ఐదుగురు డైరెక్టర్లు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్క ఓటే. భూమి లేనోళ్ల గురించి రంది పడకండి, చట్టంల ఉత్పత్తి అంటే పొలం పంట ఒక్కటే కాదు, అటవీ ఉత్పత్తులు, చేనేత, చేతిపని, కుటీర పరిశ్రమ అన్నీ ఉన్నయి. ఇంకో మాట: 10,000 ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) కేంద్ర పథకంల ఒక్కో సభ్యునికి రూ.2,000 దాక, మొత్తం రూ.15 లక్షల దాక వాటాధనం గ్రాంట్ అని ఎవరన్న ఆశ పెడితే, దానికి మైదాన ప్రాంతంల 300 మంది రైతులు ఉండాలె. మీరు 42 మంది. ఆ లెక్క మీద ప్లాన్ వేసుకోకండి.

నా మాట అడిగితే, మీరు హైదరాబాద్ ఫ్యాక్టరీలకు అమ్ముతున్నరు, రేపు బ్యాంకు లోన్ కావాలె. ప్రొడ్యూసర్ కంపెనీ దిక్కే చూడండి. ఊర్లల్ల అమ్ముకునే చిన్న పనైతే మ్యాక్స్ చాలని చెప్తుంటి. ఒకటి మాత్రం యాదుంచుకోండి: మ్యాక్స్‌ను తర్వాత సూటిగా ప్రొడ్యూసర్ కంపెనీగా మార్చే దారి లేదు. ఆ మార్పిడి ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాలల్ల ఉన్న సహకార సంఘాలకే ఉంది. కాబట్టి ముందు మ్యాక్స్, తర్వాత చూద్దామనుకునుడు వద్దు.

బత్తాయి తోట (నల్గొండ)

ప్రొడ్యూసర్ కంపెనీ అనుకుంటే, అది ఎక్కడ దెబ్బతింటుందో ముందే చూసుకోండి.

మొదటిది పేర్లు. ఆధార్‌లో "జి. లక్ష్మమ్మ", పాన్‌లో ఇంటిపేరుతో సహా పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉంటాయి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకదాంట్లో, తర్వాతది ఇంకోదాంట్లో. డిజిటల్ సంతకం, డైరెక్టర్ నంబరు రెండూ పాన్‌తో సరిపోలాలి. ఐదుగురు డైరెక్టర్లను ఎంచుకునేటప్పుడే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తప్పుంటే ముందు పాన్ దిద్దించి, తర్వాతే స్పైస్ ప్లస్ (కంపెనీ రిజిస్ట్రేషన్) ఫారం జోలికి వెళ్లండి.

రెండోది వాటాధనం. కంపెనీ పుట్టిన 180 రోజుల్లో వాటాధనం ముట్టిందని ఐఎన్‌సీ-20ఏ ఫారం వేయాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, అందరి దగ్గరా నోట్లు పోగుచేసి ఒకాయన ఒకేసారి బ్యాంకులో కట్టేస్తాడు. స్టేట్‌మెంట్‌లో ఒకే పేరు, ఒకే మొత్తం కనబడుతుంది. ఏ సభ్యురాలు ఎంత కట్టిందో రుజువు ఉండదు. మెమోరాండంలో (కంపెనీ స్థాపన పత్రంలో) సంతకం పెట్టిన ప్రతి ఆమె సొంత ఖాతా నుంచే పంపాలి. జన్‌ధన్ ఖాతా అయినా ఫర్వాలేదు, డ్వాక్రా గ్రూపు ఖాతా నుంచి మాత్రం వద్దు. గడువు దాటితే ప్రొడ్యూసర్ కంపెనీకి రూ.25,000 దాకా జరిమానా, డైరెక్టర్లకు రోజుకు రూ.500 చొప్పున రూ.50,000 దాకా.

మూడోది ఏటా వేసే ఫారాలు. మొదటి మహాసభ కంపెనీ పుట్టిన 90 రోజుల్లో పెట్టాలి, మామూలు కంపెనీకి ఉన్నంత గడువు ఉందనుకుని చాలామంది దాటేస్తారు. ఆ తర్వాత ఏటా మహాసభ అయిన 30 రోజుల్లో ఏఓసీ-4 (లెక్కల ఫారం), 60 రోజుల్లో వార్షిక రిటర్ను. ఆలస్యానికి ఒక్కో ఫారానికి రోజుకు రూ.100, పైపరిమితి లేదు. రెండు ఫారాలు మూడు నెలలు ఆగితే రూ.18,000. వరుసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లు ఏ కంపెనీలోనూ ఉండటానికి లేదు. ఆ ఆడవాళ్లకు ఇదేమీ తెలియకుండానే వాళ్ల పేర్లు పోతాయి, అది మహా అన్యాయం. డిజిటల్ సంతకం టోకెన్లు కన్సల్టెంట్ బీరువాలో కాకుండా వాళ్ల దగ్గరే ఉంచండి. సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ తెలుగులో చదివి వినిపించి మినిట్స్ రాయండి.

బాలానగర్ గుట్ట

చాలా సంతోషం, ఇంత వివరంగ చెప్పినందుకు. ఇంకో మూడు సందేహాలు. నేను, నా భార్య కాయ తెంపం, గుజ్జు తీయం. అమ్మకం, లెక్కలు మేం చూస్తం. మేం సభ్యులం కావచ్చా? రూ.20 లక్షలు పెడతనన్నాయనను ఏం చెయ్యాలె? లాభం పంచితే దాని మీద రెండు సార్లు పన్ను పడుతదా?

పద్దు పుస్తకం

మీ దంపతులు సభ్యులు కాకపోవడమే మేలు, కాయ తెంపే, గుజ్జు తీసే ఉత్పత్తిదారులు కారు కాబట్టి. కానీ చోటు ఉంది. ప్రొడ్యూసర్ కంపెనీకి పూర్తికాలం ముఖ్య కార్యనిర్వహణాధికారి తప్పనిసరి, అతను సభ్యుడు కాని మనిషే అయి ఉండాలని చట్టమే చెబుతోంది. మీ ఇద్దరిలో ఒకరు జీతం మీద ఆ ఉద్యోగంలో ఉండొచ్చు. జీతం ఎంతో బోర్డు తీర్మానించాలి. నిపుణ డైరెక్టర్లను కూడా తీసుకోవచ్చు, మొత్తం డైరెక్టర్లలో ఐదో వంతు మించకుండా. వాళ్లకు ఛైర్మన్ ఎన్నికలో ఓటు ఉండదు. పగ్గం ఆడవాళ్ల చేతిలో ఉండాలన్న మీ ఉద్దేశానికి ఇది సరిగ్గా అతుకుతుంది.

రూ.20 లక్షలాయన ప్రొడ్యూసర్ కంపెనీలో వాటా కొనలేడు. షేర్లు ఉత్పత్తిదారులకే. బయటి మనిషి సొంతంగా ఇచ్చే అప్పు డిపాజిట్ కింద లెక్క, దాన్ని కంపెనీ తీసుకోకూడదు; ఆయనకు కంపెనీ ఉంటే దాని నుంచి అప్పుగా ఇప్పించొచ్చు, వడ్డీ, తిరిగి కట్టే గడువు రాసుకుని. వాటాయే కావాలంటే అమ్మకాలకు విడిగా ఒక ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి, అది ఆడవాళ్ల కంపెనీ దగ్గర గుజ్జు కొనే పద్ధతి ఉంది. దానికి ఇప్పుడే తొందరలేదు. ఎప్పటికైనా పెడితే రెండు జాగ్రత్తలు. కనీస కొనుగోలు ధర, ఆడవాళ్ల కంపెనీ వాటా తగ్గించకూడదన్న షరతు ఆ ప్రైవేట్ కంపెనీ ఆర్టికల్స్‌లోనే (నియమావళిలోనే), పుట్టినప్పుడే, నాలుగింట మూడొంతుల మెజారిటీతో కూడా మార్చలేని షరతులుగా పెట్టించండి. సెక్షన్ 5 అందుకు వీలిస్తుంది. తర్వాత పెట్టాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి, డబ్బు పెట్టినాయన ఒప్పుకోడు.

రెండోది బ్రాండ్. ట్రేడ్‌మార్క్ 29వ తరగతిలో (నిల్వ చేసిన, గడ్డకట్టించిన పండ్లు) ప్రొడ్యూసర్ కంపెనీ పేరు మీదే వేయండి. ముందు ఉద్యమ్ (చిన్న పరిశ్రమగా) రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఆన్‌లైన్ రుసుము రూ.9,000 బదులు రూ.4,500. పేరు మీ సొంతానికో, ఆ పెట్టుబడిదారుకో రాసిచ్చారంటే, మిగతా కాగితాలు ఎంత బాగున్నా యూనిట్ విలువ ఆడవాళ్ల చేతి నుంచి పోయినట్టే.

పన్ను విషయం. మిగిలినది డివిడెండ్‌గా పంచితే కంపెనీ ముందు సుమారు 25 శాతం పన్ను కట్టాకే పంచాలి, పైగా అది సభ్యురాలి ఆదాయంలో కలుస్తుంది. అందుకని మిగులును వీలైనంత మేర కాయ ధరలోనే ఇవ్వండి. చట్టంలో దీనికి చోటు ఉంది: సరుకు తీసుకున్న రోజు ధరలో కొంత ఇచ్చి, మిగతాది ఆపి, తర్వాత ఇవ్వడం. ఉదాహరణకు కిలో ధర రూ.30 అని ఖరారు చేసి, రూ.24 అదే రోజు ఖాతాలో వేసి, రూ.6 సీజన్ చివర ఇస్తారు. అది కొనుగోలు ఖర్చే, లాభం పంచడం కాదు. అయితే ఈ పద్ధతిని సీజన్ మొదలయ్యే ముందే బోర్డు తీర్మానంలో రాయాలి, ఒక్కో సభ్యురాలికి ఒక కార్డు పెట్టి అందులో ఆమె తెచ్చిన కిలోలు రోజూ రాయాలి. మార్చి నెలాఖరులో లాభం చూసి వెనక తేదీతో రాస్తే ఆడిటర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఆ పైన మిగిలితే ప్రోత్సాహక బోనస్, ఎవరు ఎంత కాయ తెచ్చారో ఆ నిష్పత్తిలో. షేర్ల లెక్కన కాదు.

ఈ సీజన్‌కు ముందు మరొకటి. మీ ఖాతాలో పడిన 14 లక్షలు మీ పాన్ మీద వ్యాపార రాబడి, ఆ రిటర్ను మీరే వేయాలి, ఆడవాళ్లకు ఇచ్చిన కాయ డబ్బు ఖర్చుగా చూపి. రశీదులు లేకపోతే ఇప్పుడే ఒక్కొక్కరి పేరు, కిలోలు, ఇచ్చిన మొత్తం రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. కంపెనీ పుట్టాక పాత ఫ్రీజర్లను దానికి బిల్లు రాసి అమ్మండి, ఊరికే తోలేస్తే పద్దులో అవి ఉండవు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) అనుమతి కంపెనీ పేరు మీద కొత్తగా తీసుకోవాలి.

సహకార బాట

జీఎస్టీ ముచ్చట ఎవరూ రాయలే. సరుకు అమ్మేటోళ్లకు రూ.40 లక్షల దాక అక్కర లేదని అంటుంటరు, అది మన రాష్ట్రానికి కాదు. తెలంగాణల సరుకుకు కూడా రూ.20 లక్షలే గీత. పచ్చి కాయ అమ్మినది, పన్ను లేనిదైనా, ఆ 20 లక్షలల్ల కలుస్తది. కర్నూలు, రాయచూరు పక్కనే కదా అని అటు ఒక్క డబ్బా గుజ్జు పంపినా రాష్ట్రం దాటినట్టే, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలె. ఐస్‌క్రీం కంపెనీలు ఎట్లనూ జీఎస్టీ బిల్లే అడుగుతయి కాబట్టి, కంపెనీ పాన్ రాంగనే అది కూడా తీసేసుకోండి.